పట్టిన చెయ్యి విడవని గాజుల నాంచారమ్మ

ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. నిద్రొస్తున్నవాళ్ళు పోయి పడుకోండి. ఇది జోకొట్టే కథ కాదు.

అనగనగా. ఎప్పుడంటే ఏం చెప్పను, మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో. ఎక్కడంటే, మూడు వాగులు కలిసే చోట వాగొడ్డుపాలెం అని ఒక ఊరుండేది. ఆ ఊరికీ ఈ ఊరికీ గాజులు మోసుకు తిరిగే ముసలామె ఒకతె ఉండేది. పేరు నాంచారమ్మ. ఆమెకు ఇల్లు లేదు, వాకిలి లేదు, నా అన్నవాళ్ళు లేరు. ఉన్నదల్లా భుజాన వేలాడే గాజుల మలారం. ఎర్రవి, పచ్చవి, నల్లవి, ఒక్కో రంగు ఒక్కో తాడుకు గుచ్చి కట్టిన గాజుల మోపు. ఆమె నడిస్తే గలగల, ఆగితే గలగల, దగ్గితే గలగల. ఆ చప్పుడు వినపడితే చాలు, వీధిలో ఆడపిల్లలంతా చేతులు కడుక్కుని అరుగుల మీదికి ఎక్కేవాళ్ళు.

గాజు తొడగడం ఏం పని అనుకుంటారేమో. మీ ఆవిడ చేతికి మీరొక గాజు తొడిగి చూడండి, తెలుస్తుంది. చేతిని ముందు మచ్చిక చేసుకోవాలి. బొటనవేలిని అరచేతిలోకి మడవాలి. మెటికలు ఒక్కొక్కటే మెత్తగా నొక్కాలి. గాజుకు తెలియకుండా చేతిని, చేతికి తెలియకుండా గాజును జరపాలి. నాంచారమ్మ తొడిగితే పసిపిల్ల కూడా ఏడ్చేది కాదు.

గాజులవాళ్ళకు ఒక కట్టడి ఉంది. ఒకసారి పట్టుకున్న చేతిని గాజు వెయ్యకుండా వదలకూడదు. బోసి చెయ్యి విడిస్తే ఆ ఇంటికి కీడు, ఆ చేతికి కీడు, విడిచిన గాజులమ్మకు కీడు. అందరికీ తెలిసిన మాటే. అందుకే పెళ్ళివారింట్లో ముందు గాజులమ్మను కూర్చోబెడతారు. ఇంట్లో ఉన్న ఆడకూతుళ్ళందరి చేతులూ నిండాలి. గాజులమ్మ చాటలో బియ్యం, పసుపూ కుంకుమా పట్టుకుని గడప దాటాలి. అప్పుడుగాని పందిరికి మొదటి రాట పాతరు.

ఇక ఇప్పుడు చెంచురామయ్య సంగతి చెప్పాలి.

వాగొడ్డుపాలెంలో చెంచురామయ్య అంటే పెద్దమనిషి. వేసవిలో చలివేంద్రం పెట్టి బాటసారులకు చల్ల పోయించేది ఆయనే. గుళ్ళో దీపానికి నూనె పోయించేది ఆయనే. మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటే పిలిచి మందలించేది ఆయనే. ఆయన భార్య మాలకొండమ్మ. కూతురు సామ్రాజ్యం, పెళ్ళికూతురు. ఆ ఇంట్లో ఇంకో పిల్ల కూడా ఉంది. చెంచురామయ్య తమ్ముడి కూతురు, పేరు ఆదెమ్మ. తల్లీ తండ్రీ ఒకే వానాకాలంలో జబ్బు చేసి పోతే పెదనాన్న తెచ్చి పెంచుతున్నాడు. "ఎంత ధర్మాత్ముడమ్మా" అని ఊరు చేతులెత్తి మొక్కింది. పిల్ల మొహం ఎవరూ చూడలేదు. ధర్మాత్ముడి మొహం చూడటానికే వాళ్ళకు పొద్దు చాల్లేదు.

సామ్రాజ్యం పెళ్ళికి నాంచారమ్మను పిలిచారు. ముసలామె వచ్చి అరుగు మీద మలారం దించింది. పెళ్ళికూతురి చేతులు నిండాయి. అత్తలవి నిండాయి, అక్కలవి నిండాయి, పాలేరు పెళ్ళానివి కూడా నిండాయి. మాలకొండమ్మ చాటలో బియ్యం పోసి తెచ్చింది.

అప్పుడు పెళ్ళికొచ్చిన ముత్తైదువ ఒకామె అంది కదా, "మీ మరిది కూతురొకతి ఉండాలిగా వదినా? ఆ పిల్ల ఏదీ?"

"దానికి ఒంట్లో బాగాలేదు. కొట్టంలో పడుకుంది" అంది మాలకొండమ్మ.

"అయ్యో, ఒక్క చెయ్యి బోసిగా ఉన్నా కీడే గదా! రమ్మను."

కీడు అన్న మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పిల్లను పిలిపించారు. ఆదెమ్మ వచ్చింది. ఏడెనిమిదేళ్ళ పిల్ల. ఎండలో నుంచి వచ్చినా చలి పుట్టినట్టు దుప్పటి కప్పుకుని ఉంది. ఎడమ చెయ్యి చాపింది. నాంచారమ్మ ఎడమ చేతికి గాజులు వేసింది.

"రెండో చెయ్యి ఇయ్యి తల్లీ."

పిల్ల ఇవ్వలేదు. నాంచారమ్మే దుప్పటి కింద నుంచి మెల్లగా ఆ చేతిని తీసుకుంది. మణికట్టు బూరెలా ఉబ్బి ఉంది. దాని చుట్టూ ఎవరో పట్టి మెలితిప్పిన వేళ్ళ గుర్తులు. అవి పెద్ద చేతి వేళ్ళు. వాటి కింద పాత మచ్చలు. ముసలామె జన్మంతా చేతులు పట్టుకుని బతికిన మనిషి. ఏది పడితే వచ్చే వాపో, ఏది పట్టుకుంటే వచ్చే వాపో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"నొప్పా తల్లీ?" అని అడిగింది.

పిల్ల పలకలేదు. తల ఎత్తి వాకిట్లో నిలబడ్డ పెదనాన్న వైపు చూసింది. చూసి తల దించుకుంది.

నాంచారమ్మ కూడా అటు చూసింది. చూసి, కాళ్ళు ముడుచుకుని అరుగు మీద సర్దుకుని కూర్చుంది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

మాలకొండమ్మ గబగబా వచ్చింది. "అటక మీది నుంచి పడింది నాంచారీ. పెంకి పిల్ల, చెప్తే వినదు. ఒక చేతికి వేశావుగా, చాల్లే. ఆ చెయ్యి వదిలెయ్."

"అట్టాగేనమ్మా. పడింది అంటున్నావు, సరే. పడితే వాచింది, సరే. వాపు దిగితేగాని గాజు ఎక్కదు. దిగిందాకా కూర్చుంటా. పట్టిన చెయ్యి బోసిగా విడవను."

"పందిరి రాట వెయ్యాలే!"

"వెయ్యండమ్మా. నేను గడప దాటినాక వేద్దురుగాని."

ముత్తైదువలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పెళ్ళింట్లో గాజులమ్మను తోస్తే సాక్షాత్తూ గౌరమ్మను తోసినట్టు. లేవమంటే లేవదు. లాగుదామంటే ఎవరికీ చేతులు రావు. పాతాల్సిన రాట గోడకు ఆనించి ఉండిపోయింది. పొద్దు గుంకింది. నాంచారమ్మ కుడిచేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని ఎడంచేత్తో ఇంత సంకటి తింది. పిల్లకూ తినిపించింది. గోడకు చేరగిలబడి అట్లాగే కునుకు తీసింది. చెయ్యి మాత్రం విడవలేదు.

మర్నాడు ఆదెమ్మ నాయనమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. చెంచురామయ్యను కన్న తల్లి. పండు ముసలిది, నోరు మాత్రం పచ్చిమిరపకాయ.

"ఏమే గాజులదానా! పిల్లలన్నాక దెబ్బలు తగలవా? మేమంతా దెబ్బలు తినకుండానే పెరిగామా? ఇదిగో చూడు" అని జాకెట్టు లేని భుజం మీద నుంచి పైట లాగింది. వీపు మీద పాత వాత. "మా నాయన పెట్టింది. నేనేమన్నా చచ్చానా? బిడ్డల్ని కనలేదా? సంసారం చెయ్యలేదా?"

నాంచారమ్మ ఆ వాత వంక చాలాసేపు చూసింది.

"ఎవరికన్నా చెప్పుకున్నావా అమ్మా?"

"ఎవరికి చెప్పను? వినేవాళ్ళు ఎవరున్నా..." అంటూ అంటూ నాయనమ్మ ఆగిపోయింది. పైట కప్పుకుని, కర్ర అక్కడే మర్చిపోయి, గోడ పట్టుకుని లోపలికి పోయింది.

"నొప్పా తల్లీ?" అని రెండోసారి అడిగింది నాంచారమ్మ.

పిల్ల పలకలేదు. కాని నాంచారమ్మ చేతిలో ఉన్న ఆ చిన్ని వేళ్ళు మెల్లగా ముడుచుకుని ఆమె వేలిని పట్టుకున్నాయి.

మూడోరోజు పొద్దున్నే ఊరి మునసబు వచ్చాడు. తెల్లటి మీసాలు, చేతిలో వెండిపొన్ను కర్ర. ఆయన వెనక ఊళ్ళో మగవాళ్ళంతా. పిల్లలు వద్దన్నా వచ్చి గోడల మీదికి ఎక్కారు.

"ఏమ్మా నాంచారమ్మా, ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. వినలేదా? మగపెళ్ళివారికి తెలిస్తే పెళ్ళి ఆగిపోద్ది. పెళ్ళి కానియ్యి. ఆ తరవాత నేను పిలిచి అడుగుతాగా. మునసబును నేను చెప్తున్నా. నా మాట మీద నమ్మకం లేదా?"

"అయ్యో, మీ మాట నేను నమ్ముతానయ్యా. నమ్మాల్సింది ఈ చెయ్యి గదా. పట్టిన చెయ్యి బోసిగా విడవను."

పెద్దల మాట చద్దిమూట అంటారు. నిజమే. ఆ రోజు మాత్రం ఆ మూట పాచిపోయింది. ముగ్గురు పెద్దలు వచ్చారు, ముగ్గురూ చెయ్యి వదలమనే అన్నారు. ఆ చేతికి ఏమైందని ఒక్కరు అడగలేదు. నాకు ఈ కథ చెప్పిన మా అవ్వ ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ ఉమ్మేసేది. నేను ఉమ్మను గాని, నాకూ ఒళ్ళు మండుద్ది.

అప్పుడు చెంచురామయ్యే అరుగు దగ్గరికి వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. చల్ల పోసేటప్పుడు నవ్వే నవ్వే అది.

"పెద్దదానివయ్యావు నాంచారమ్మా, ఎన్నాళ్ళని ఊళ్ళు పట్టుకు తిరుగుతావు? చీరె పెట్టిస్తా. వాగు పక్కన గుడిసె వేయిస్తా. ఏడాదికి సరిపడా గింజలు పంపిస్తా. ఆ చెయ్యి వదులు."

నాంచారమ్మ వదల్లేదు.

"అడుక్కుతినేదానివి, నా గడపలో కూర్చుని నన్నే తప్పుపడతావా? వదులు!"

వదల్లేదు.

చెంచురామయ్య అరుగు మీద ఉన్న గాజుల మలారం ఎత్తి వాకిట్లో రాతిబండ మీద విసిరికొట్టాడు.

ఆ చప్పుడు ఊరవతల వాగు దాకా వినపడిందంటారు. ఎర్రవి, పచ్చవి, నల్లవి, అన్నీ పెంకులైపోయాయి. పెళ్ళింటి వాకిట్లో గాజులు పగలడం! ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. సామ్రాజ్యం గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నాంచారమ్మ బతుకంతా ఆ బండ మీద ముక్కలై పడింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఏడవదా మరి, ఆమె మనిషి కాదా?

ఏడుస్తూనే పిల్ల వైపు తిరిగింది. ఆ చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "అదిరిపడ్డావు కదూ. చెయ్యి కదిలిందా? నొప్పా తల్లీ?"

మూడోసారి.

ఆదెమ్మ ఆ పెంకుల వంక చూసింది. తన చేతిని పట్టుకున్న ముడతల చేతి వంక చూసింది. ఈసారి పెదనాన్న వంక చూడలేదు.

"నొప్పి" అంది.

ఒకటే మాట. తరవాత ఇంకో మాట వచ్చింది. తరవాత ఆగలేదు. ఆ పిల్ల చెప్పినవన్నీ నేను ఇక్కడ చెప్పను. ఊఁ కొడుతున్న వాళ్ళలో పిల్లలున్నారు. వినాల్సినవాళ్ళు ఆ రోజు విన్నారు, అది చాలు. మెలితిప్పిన చెయ్యి వాటిల్లో అన్నిటికన్నా చిన్నదని మాత్రం తెలుసుకోండి.

"ముందే చెప్పకపోయావా తల్లీ?" అంది ముత్తైదువ ఒకామె ఏడుస్తూ.

"చెప్పా" అంది ఆదెమ్మ. "పెద్దమ్మకు చెప్పా. నోరు మూసుకోమంది. నాయనమ్మకు చెప్పా. పెద్దోళ్ళను అట్టా అంటే కళ్ళు పోతాయంది. బావి దగ్గర అందరికీ చెప్పా. నవ్వారు."

బావి దగ్గర నవ్విన ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఎవరూ తల ఎత్తలేదు. మూడు రోజులుగా గడపలో పెట్టి ఉంచిన చాట మాలకొండమ్మ కాలు తగిలి బోర్లాపడింది. బియ్యం అంతా గడపలో చెల్లాచెదురైంది.

"అబద్ధం!" అన్నాడు చెంచురామయ్య. "నేను పోసిన చల్ల తాగినోళ్ళేగా మీరంతా! నా సంగతి మీకు తెలియదా?"

ఎవరూ జవాబు చెప్పేలోగా గోడ మీద నుంచి ఒక పిల్లవాడు దూకాడు. మునసబు మనవడు, పేరయ్య. ఆదెమ్మ ఈడువాడే. పెంకుల మీద నుంచి కాళ్ళు కోసుకుపోతాయన్న భయం కూడా లేకుండా నడిచి వచ్చి, అరుగు ముందు నిలబడి, నాంచారమ్మకు కుడిచెయ్యి చాపాడు.

మగవాళ్ళలో ఎవడో అలవాటు కొద్దీ నవ్వాడు. "ఏరా, గాజులు తొడిగించుకుంటావా?"

పేరయ్య చెయ్యి దించలేదు. "నా చెయ్యి కూడా పట్టుకో అవ్వా" అన్నాడు.

నవ్వినవాడు వెనక్కి జరిగాడు. పేరయ్య రోజూ కర్రసాము నేర్చుకోను పోతాడు. పోనని ఏడుస్తాడు. ఏడిస్తే, "మగపుట్టుక పుట్టావు, ఏడవటానికి సిగ్గులేదా" అని తాతే రెక్క పట్టుకుని సాము గురువు దగ్గర దింపి వస్తాడు. నాంచారమ్మ ఎడంచేత్తో వాడి చెయ్యి అందుకుంది. వాడు ఆమె చెవిలో చెప్పాడు. ఆమె వింటూ వింటూ మునసబు మొహంలోకి చూసింది. ఆయన చెవిన ఒక్క మాట పడలేదు. అయినా ఆయనకు అంతా అర్థమైంది. వెండిపొన్ను కర్ర పక్కన పెట్టి, ఆ మట్టిలో, ఆ పెంకుల్లో కూలబడిపోయాడు.

పేరయ్య వెనక ఇంకో పిల్ల వచ్చి నిలబడింది. ఆమె వెనక ఇంకొకడు. పెద్దింటి పిల్లలు, కూలివాళ్ళ పిల్లలు, పశువులు కాసే పిల్లలు. అందరిదీ ఒక కథ కాదు. ఒకడికి తండ్రి చేతి కొరడా. ఒకతెకు సవతితల్లి పెట్టే పస్తు. ఇంకొకతె ఏమీ చెప్పలేదు, చెయ్యి చాపి ఊరికే నిలబడింది. ఊళ్ళో ఇన్ని చేతులున్నాయని ఊరికి అప్పటిదాకా తెలియదు. కాదు, తెలుసు. ఎవరింటి చెయ్యి వాళ్ళకు తెలుసు. పక్కింటి సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి ఇల్లూ తనొక్కటే అనుకుని తలుపేసుకుంది.

నాంచారమ్మ ఆ వరస చూసింది. అరుగు చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళను చూసింది.

"నాకున్నవి రెండు చేతులే అమ్మా. రెండూ నిండినాయి. మీ చేతులు ఏం చేస్తున్నాయి?"

అప్పుడు లోపల నుంచి, కర్ర లేకుండా, గోడలు పట్టుకుంటూ నాయనమ్మ వచ్చింది. ఊరకే నిలబడ్డ ఆ మాట్లాడని పిల్ల చెయ్యి పట్టుకుంది. పట్టుకుని అరుగు మీద కూలబడింది. "చెప్పవే తల్లీ. చెప్పకపోయినా సరే, కూర్చో. నేను వదలను" అంది. ఆ తరవాత ఒకామె వచ్చింది. ఆ తరవాత ఇంకొకామె. పెళ్ళికూతురు సామ్రాజ్యం చేతి నిండా కొత్త గాజులతో వచ్చి ఒక పశువుల కాపరి పిల్లవాడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. తండ్రి వంక చూడలేదు.

సాయంత్రానికి మునసబు లేచాడు. మనవణ్ణి ఎత్తుకున్నాడు. ఎత్తుకునే చెంచురామయ్య ముందు నిలబడ్డాడు.

"నీ చల్ల తాగాం చెంచురామయ్యా. తాగి కళ్ళు మూసుకున్నాం. ఇక తాగం."

చెంచురామయ్యను ఠాణాకు అప్పగించారు. సాము గురువు అప్పటికే దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా ఊరు దాటాడు. మునసబు మనుషుల్ని పంపి మూడో వాగు దగ్గర పట్టించాడు. ఆ తరవాత వాళ్ళేమయ్యారో కథలో లేదు. ఉండక్కర్లేదు. సామ్రాజ్యం పెళ్ళి ఆగలేదు, మేనమామ ఇంట్లో పందిరి వేసి చేశారు. మగపెళ్ళివారికి అంతా చెప్పే చేశారు.

ఇక ఆదెమ్మ సంగతి. "పిల్లను నేను పెంచుతా" అన్నాడు మునసబు. "కాదు, నేను" అంది ముత్తైదువ. "నా దగ్గరే ఉండనియ్యండి, నా పాపం కడుక్కుంటా" అని కాళ్ళ మీద పడింది మాలకొండమ్మ.

నాంచారమ్మ ముగ్గురికీ చెయ్యి ఇవ్వలేదు. పిల్లనే అడిగింది. "ఈ చేతిని ఎవరి చేతిలో పెట్టమంటావు తల్లీ?"

"పిన్ని" అంది ఆదెమ్మ. వాళ్ళమ్మ చెల్లెలు గురవమ్మ. వాగుల అవతల మేకలు కాచుకుంటుంది. గంజి తాగే ఇల్లని, ఆ ఇంటికి పిల్లను ఎట్లా ఇస్తామని, అక్క పోయినప్పుడు ఏడ్చి అడిగినా ఊరు ఇవ్వలేదు. పాలున్న ఇంటికి ఇచ్చింది.

నాంచారమ్మ పిల్లను నడిపించుకుని వాగులు దాటింది. కట్లు కట్టే ముసలాయన వచ్చి వెదురుబద్దలు పెట్టి ఆ చేతికి కట్టు కట్టాడు. ఎముక అతకాలంటే నెల దాటుద్దన్నాడు. సరేనని నాంచారమ్మ గురవమ్మ గుడిసెలోనే ఉండిపోయింది. పిల్ల నిద్రలో కేకలు పెట్టేది, నాంచారమ్మ లేచి చెయ్యి పట్టుకునేది. పిల్ల రోజుల తరబడి మాట్లాడేది కాదు. చెయ్యి పట్టుకునేది. ఒక్కోసారి పిల్ల కోపంతో కుండలు పగలగొట్టి, "పో, నువ్వూ పో" అని అరిచేది. అప్పుడు కూడా పట్టుకునేది.

"నోరు తెరిచి చెప్పేసిందిగా, బాధంతా తీరిపోయింది" అని వాగు ఇవతల ఊరు అనుకుంది. అది ఊరి తెలివి. చెప్పడం మొదలే. ఆ తరవాతి రోజుల్ని ఎవరో ఒకరు పక్కన కూర్చుని గడపాలి.

కట్టు విప్పిన రోజు నాంచారమ్మ ఇంకో గాజులామె దగ్గర చిన్న పచ్చగాజు అరువు తెచ్చింది. బొటనవేలు మడిచింది. మెటికలు నొక్కింది. గాజు ఎక్కింది.

"నొప్పా తల్లీ?"

"లేదవ్వా. చక్కిలిగింత" అంది ఆదెమ్మ. అని నవ్వింది. గురవమ్మ వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

నాంచారమ్మ అప్పుడు చెయ్యి విడిచింది. ఆ పొద్దే గడప దాటింది.

ఆ తరవాత ఆమె మలారం మళ్ళీ కట్టుకుంది గాని, అది ఎప్పుడూ చిన్నదే. చాలా పెద్దిళ్ళవాళ్ళు ఆమెను గుమ్మం తొక్కనివ్వలేదు. "చేతులు చూసే మనిషి వచ్చింది, పిల్లల్ని లోపలికి పిలవండి" అని తలుపులు వేసుకున్నారు. ఆమె వేసిన తలుపుల ముందు కూడా కాసేపు కూర్చుని పోయేది. గాజుల కోసం చాపే చేతులు తగ్గాయి. చెప్పుకోవడానికి చాపే చేతులు తగ్గలేదు. ఏ ఊరికి పోయినా ఉన్నాయి. ఆ మాట చెప్పుకుని ఆమె ఏడ్చేదట, ఒక్క ఊరన్నా లేకుండా ఉండకూడదా అని.

ఒక వానాకాలంలో రెండు ఊళ్ళ మధ్య దోవలో ఆమె పోయింది. నా అన్నవాళ్ళు లేని మనిషి గదా, ఎవరొస్తారు అనుకున్నారు దారినపోయేవాళ్ళు. ఆ వార్త వాగులు దాటింది. పేరయ్య వచ్చాడు. అప్పటికి ఆయనే మునసబు. ఆదెమ్మ పిల్లల్ని చంకనేసుకుని వచ్చింది. మూడు వాగుల చుట్టూ ఉన్న ఊళ్ళ నుంచి మనుషులు వచ్చారు. ఒకళ్ళకొకళ్ళు తెలియదు. ఎందుకొచ్చావని ఒకళ్ళనొకళ్ళు అడగలేదు. ఆడవాళ్ళు పాడె పట్టకూడదని ఎవరో గొణిగారు. ఎవరూ వినిపించుకోలేదు. చివరిదాకా పట్టిన చెయ్యి ఒక్కరూ మార్చుకోలేదు.

ఇదీ నాంచారమ్మ కథ.

ఆ వాగుల సీమలో ఇప్పటికీ ఒక పద్ధతి ఉంది. గాజులమ్మ ఊళ్ళోకి వస్తే ముందు పెద్దవాళ్ళకు గాజులు వెయ్యదు. "పెద్దలు అరుగు దిగండి" అంటుంది. ఎంత పెద్దవాళ్ళయినా దిగాల్సిందే. మునసబైనా దిగాలి, అత్తగారైనా దిగాలి, కన్నతల్లైనా దిగాలి. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతారు. ఆడపిల్లలూ ఎక్కుతారు, మగపిల్లలూ ఎక్కుతారు. మగపిల్లవాడి చేతికి కూడా ఒక గాజు వేస్తారు. ఆ సీమలో దానికి ఎవరూ నవ్వరు. నవ్వినవాణ్ణి పిల్లనిచ్చే ఇళ్ళవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. గాజులమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా అడుగుతుంది. అడిగి ఊరుకుంటుంది. తొందరపెట్టదు.

ఎవరన్నా పసివాళ్ళ గోడు సగం విని లేచిపోతే "బోసిచెయ్యి విడిచాడు" అంటారు అక్కడ. అంతకన్నా పెద్ద తిట్టు వాళ్ళకు లేదు.

ఆ కాసేపూ పెద్దలంతా కింద ఎండలో నిలబడి ఎదురుచూస్తారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పిల్ల గాజు చూసుకుంటూ, గెంతుకుంటూ అరుగు దిగి వస్తే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది.

ఒక్కోసారి పిల్ల దిగదు. అక్కడే కూర్చుండిపోతుంది. ఆ రోజు ఆ ఊళ్ళో ఎవరూ పొయ్యి వెలిగించరు. పనులు ఎక్కడివక్కడ వదిలి వచ్చి, నోరు మెదపకుండా, ఆ అరుగు చుట్టూ నేలమీద కూర్చుంటారు.